ఇన్‌స్టాల్ కావడం లేదా? తీసేసి మళ్లీ వేసే ముందు ఇవి చూడండి

సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా మొరాయించినా, ఎక్కాక తెరుచుకోకపోయినా చాలామంది మొదట చేసే పని ఒకటే: తీసేసి మళ్లీ ఎక్కించడం. అదీ కుదరకపోతే విండోస్‌నే మొదటి నుంచి వేయించేస్తారు. ఒక పూటంతా పోతుంది, ఒక్కోసారి ఫైళ్లూ పోతాయి. తీరా చూస్తే అదే సమస్య మళ్లీ ఎదురవుతుంది. ఎందుకంటే లోపం చాలాసార్లు ఆ ప్రోగ్రామ్‌లో ఉండదు. డిస్కులో చోటు లేకపోవడం, తేదీ తప్పుగా ఉండటం, పాత సెట్టింగుల ఫైలు పాడైపోవడం వంటివి ఎన్నిసార్లు తీసి వేసినా అలాగే ఉంటాయి.

కంప్యూటర్ ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందో దాదాపు ప్రతిసారీ ఎక్కడో ఒకచోట రాసి పెడుతుంది. ఆ రాత ఎక్కడుందో తెలుసుకుని చదవగలిగితే సగం పని అయిపోయినట్టే. దానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, కాస్త ఓపిక చాలు. ఇక్కడ ఎక్కువగా విండోస్ గురించి చెబుతాను. మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్ సంగతులు అవసరమైన చోట వస్తాయి.

సమస్య ఏ దశలో ఉందో ముందు తేల్చుకోండి

"పనిచేయడం లేదు" అనే మాటతో ఏ సమస్యా తేలదు. మీది ఈ మూడింటిలో ఏదో చూసుకోండి. ఇన్‌స్టాలర్ మధ్యలోనే ఆగిపోయిందా? ఇన్‌స్టాలర్ పూర్తయినా ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదా? తెరుచుకుంటున్నా మీరు పెట్టిన సెట్టింగు ప్రకారం నడవడం లేదా? మొదటి దానికి కారణం సాధారణంగా దించుకున్న ఫైలులోనో, అనుమతుల్లోనో, డిస్కులోనో ఉంటుంది. రెండో దానికి ఆ ప్రోగ్రామ్ ఆధారపడే వేరే భాగాలు లేకపోవడమో, పాత సెట్టింగులు పాడైపోవడమో కారణం కావచ్చు. మూడోది కాన్ఫిగరేషన్, అంటే సెట్టింగుల వ్యవహారం. ఒక దశకు చెందిన మందు మరో దశలో పనిచేయదు.

మరో ప్రశ్న కూడా వేసుకోండి. మొదటి నుంచీ ఇంతేనా, లేక నిన్నటిదాకా నడిచి ఇవాళ ఆగిపోయిందా? నిన్నటిదాకా నడిచిందంటే మధ్యలో ఏదో మారింది. ఏం మారిందో చూపించే చక్కటి తెర ఒకటి విండోస్‌లోనే ఉంది. స్టార్ట్ మెనూ వెతుకులాట గడిలో 'రిలయబిలిటీ' అని ఇంగ్లీషులో టైపు చేస్తే రిలయబిలిటీ హిస్టరీ కనిపిస్తుంది. ఏ రోజు ఏ అప్‌డేట్ వచ్చింది, ఏ ప్రోగ్రామ్ ఎక్కింది, ఏది కుప్పకూలింది అన్నీ తేదీలవారీగా అందులో ఉంటాయి. ఎర్ర గుర్తు మొదటిసారి కనిపించిన రోజును, దాని ముందు రోజును పక్కపక్కన పెట్టి చూడండి. విండోస్ విస్టా కాలం నుంచీ ఉన్నా దీన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ.

తెరమీద ఎర్రర్ సందేశం కనిపించిన వెంటనే ఓకే నొక్కకండి. ఆ పెట్టెలోని మాటలన్నీ మీకు కావాలి. విండోస్‌లో మామూలు సందేశపు పెట్టె తెరిచి ఉండగా కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కితే అందులోని పాఠమంతా కాపీ అవుతుంది, నోట్‌ప్యాడ్‌లో అతికించుకోండి. అలా కాకపోతే ఫోనుతో ఫొటో తీసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు అందులో మీ యూజర్ పేరు, మీ ఫోల్డర్ పేరు ఉంటే తీసేసి మిగతా వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. మీకు తోచిన మాటల్లో వెతికితే దొరకని జవాబు ఆ వాక్యంతో ఇట్టే దొరుకుతుంది.

దించుకున్న ఫైలు సరైనదేనా?

ప్రోగ్రామ్‌ను దాన్ని తయారుచేసినవారి సైటు నుంచో, మీ వ్యవస్థకు చెందిన అధికారిక స్టోరు నుంచో మాత్రమే తీసుకోండి. 'ఉచిత డౌన్‌లోడ్' సైట్లు అసలు ఇన్‌స్టాలర్‌కు వేరే సరుకు తగిలించి ఇవ్వడం మామూలే.

ఫైలు మధ్యలో తెగిపోయిందేమో చూడటానికి మొదట దాని పరిమాణాన్ని సైటులో రాసినదానితో పోల్చండి. సైటులో ఎస్‌హెచ్‌ఏ-256 విలువ, అంటే ఫైలు వేలిముద్ర లాంటిది, ఇచ్చి ఉంటే ఇంకా మంచిది. అది 64 అక్షరాలు, అంకెల వరస. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశం పక్కన ఫైలు పేరు ఇస్తే మీ ఫైలు విలువ వస్తుంది. లినక్స్‌లో అదే పని ఎస్‌హెచ్‌ఏ256సమ్ చేస్తుంది. ఫైలులో ఒక్క బైటు తేడా ఉన్నా మొత్తం వరస మారిపోతుంది కాబట్టి కళ్లతో పోల్చినా తెలిసిపోతుంది. తేడా ఉంటే ఆ ఫైలు తీసేసి మళ్లీ దించుకోండి.

తరచుగా జరిగే మరో పొరపాటు జిప్ ఫైలుతో వస్తుంది. జిప్‌ను రెండుసార్లు నొక్కితే విండోస్ దాన్ని ఫోల్డర్‌లాగే చూపిస్తుంది. లోపలున్న సెటప్ ఫైలును అక్కడి నుంచే నడిపిస్తే విండోస్ ఆ ఒక్క ఫైలునే తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీస్తుంది. దానికి తోడుగా ఉండాల్సిన మిగతా ఫైళ్లు జిప్‌లోనే ఉండిపోతాయి. అప్పుడు ఇన్‌స్టాలర్ 'ఫలానా ఫైలు దొరకలేదు' అంటుంది. ముందు జిప్‌పై కుడి మీట నొక్కి ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ ఇవ్వండి. విప్పే ఫోల్డర్ డ్రైవ్ మొదట్లోనే, చిన్న పేరుతో ఉండాలి. విండోస్‌లో ఫైలు దారి పొడవుకు 260 అక్షరాల పాత పరిమితి ఉంది. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి దాన్ని సడలించుకునే వీలుంది కానీ, అన్ని ప్రోగ్రామ్‌లూ ఆ సడలింపును వాడుకోవు. డౌన్‌లోడ్స్‌లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్, దానిలో మరో పొడవాటి పేరు, ఇలా విప్పితే కొన్ని ఫైళ్లు బయటికే రావు.

పెద్ద ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించబోతే చోటు బోలెడంత ఉన్నా కుదరడం లేదా? ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండొచ్చు. అందులో 4 జీబీ, అంతకు మించిన ఫైలు పట్టదు. లోపలి ఫైళ్లను వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చితే సరిపోతుంది.

తర్వాత చూడాల్సింది మీ యంత్రానికి తగిన ఫైలు తీసుకున్నారా అన్నది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే 'సిస్టమ్ టైప్' అనే వరసలో 64 బిట్టా, 32 బిట్టా, ప్రాసెసర్ ఏ రకమో ఉంటుంది. 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ నడుస్తుంది. 32 బిట్ మీద 64 బిట్ నడవదు. ప్రింటర్, గ్రాఫిక్స్ కార్డు వంటి వాటిని నడిపించే డ్రైవర్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు, కచ్చితంగా విండోస్ ఎన్ని బిట్లదో అన్ని బిట్లదే కావాలి. మ్యాక్‌లో ఆపిల్ గుర్తు నొక్కి 'అబౌట్ దిస్ మ్యాక్' చూడండి. 2020 నవంబరు నుంచి వచ్చిన ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌లకు వాటికోసం చేసిన ఫైలు వేరుగా ఉంటుంది. ఇంటెల్ మ్యాక్‌ల కోసం చేసినవి వాటిపై నడవాలంటే రోజెటా 2 అనే భాగం కావాలి.

ఆపరేటింగ్ సిస్టమ్ మరీ పాతదైతే కొత్త వెర్షన్ ఎక్కనే ఎక్కదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ప్రోగ్రామ్‌లు చేసేవారు కూడా ఆ తర్వాత క్రమంగా వాటిని వదిలేస్తారు. విండోస్ 7పై నడిచే చివరి క్రోమ్ వెర్షన్ 109. ఇలాంటి చోట ఎంత తంటాలుపడినా ఫలితం ఉండదు. తయారీదారు సైటులో పాత వెర్షన్లు దొరుకుతాయేమో చూడటం, లేదా సిస్టమ్‌ను మార్చుకోవడం, ఈ రెండే దారులు.

ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగిపోతే

ఒకసారి రీస్టార్ట్ చేయమంటే చాలామంది ఇది తప్పించుకునే సలహా అనుకుంటారు. కానీ దీనికి గట్టి కారణమే ఉంది. వాడుకలో ఉన్న ఫైలును విండోస్ అప్పటికప్పుడు మార్చలేదు, మళ్లీ మొదలైనప్పుడు మారుస్తానని రాసి పెట్టుకుంటుంది. అలా మిగిలిపోయిన పని పూర్తయ్యేదాకా కొన్ని ఇన్‌స్టాలర్లు ముందుకు సాగవు. ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. అది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి స్థితి డిస్కులో భద్రమై, మళ్లీ ఆన్ చేయగానే అదే తిరిగి వస్తుంది. అందుకే 'ఆపి మళ్లీ పెట్టాను, అయినా పోలేదు' అనేవారు చాలాసార్లు నిజంగా కొత్తగా మొదలుపెట్టినట్టు కాదు. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ అనే మాటనే నొక్కండి.

తర్వాత డిస్కులో చోటు. మీరు డి డ్రైవ్‌లో ఎక్కించమని చెప్పినా ఇన్‌స్టాలర్ తన ఫైళ్లను ముందు సి డ్రైవ్‌లోని తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పుకుంటుంది. సి నిండిపోయి ఉంటే డిలో ఎంత ఖాళీ ఉన్నా ప్రయోజనం లేదు.

తేదీ, సమయం కూడా చూడండి. ఇంటర్నెట్ నుంచి మిగతా భాగాలు తెచ్చుకునే ఇన్‌స్టాలర్ అవతలి సర్వర్ ధ్రువపత్రాన్ని పరిశీలిస్తుంది. ఆ పత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మీ కంప్యూటర్ గడియారం ఏళ్ల వెనక ఉంటే చెల్లే పత్రం కూడా చెల్లనట్టే కనిపిస్తుంది. డెస్క్‌టాప్‌లో కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. ఎక్కువ వాటిల్లో ఉండేది సీఆర్2032 రకం, మార్చడం తేలిక.

యాంటీవైరస్ అడ్డుపడిందని అనుమానం వస్తే దాన్ని ఆపేయకండి. అది ఏం చేసిందో దాని చరిత్రలోనే ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి ఇన్‌స్టాలర్ తాలూకు ఫైలేదైనా నిర్బంధంలో ఉందేమో చూడండి. లేకపోతే యాంటీవైరస్‌ను పక్కన పెట్టి వేరే కారణం వెతకండి. ఉంటే, ఫైలు అసలు సైటు నుంచే వచ్చిందని, ఎస్‌హెచ్‌ఏ విలువ సరిపోయిందని తేలాకే ఆ ఒక్క ఫైలుకు మినహాయింపు ఇవ్వండి. 'ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి' అని చెప్పే సైటు మీకు కనిపిస్తే అక్కడి నుంచి ఏదీ తీసుకోవద్దని నా గట్టి సలహా.

ఇక అంకెల్లో వచ్చే ఎర్రర్లు. ప్రోగ్రామ్‌లను ఎక్కించే 'విండోస్ ఇన్‌స్టాలర్' అనే భాగం ఇచ్చే వాటిలో 1618 అంటే మరో ఇన్‌స్టలేషన్ అప్పటికే నడుస్తోందని అర్థం. అది పూర్తయ్యేదాకా ఆగితే చాలు. 1602 అంటే వాడుతున్నవారే రద్దు చేశారని. 3010 అసలు ఎర్రరే కాదు, పని పూర్తయింది, రీస్టార్ట్ కావాలి అని చెప్పడం. అందరినీ ఏడిపించేది 1603. దాని అర్థం 'ఏదో ఘోరంగా విఫలమైంది' అని మాత్రమే. ఏది విఫలమైందో అది చెప్పదు. 1603 పేరు పెట్టి వెతికితే వందల పరిష్కారాలు కనిపించేది అందుకే. అవన్నీ ఎవరికో ఒకరికి పనిచేసినవే, మీ కారణం మాత్రం వేరు కావచ్చు.

దాని అసలు కారణం లాగ్ ఫైలులో, అంటే ఇన్‌స్టాలర్ తను చేసిన పనులన్నీ రాసుకునే ఫైలులో ఉంటుంది. ఫైలు పేరు చివర ఎంఎస్‌ఐ అని ఉండే రకం ఇన్‌స్టాలర్ అయితే లాగ్‌ను మీరే రాయించుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎంఎస్‌ఐఎగ్జెక్ ఆదేశం ఇవ్వాలి. దాని తర్వాత ముందుకు వాలిన గీత, ఐ అక్షరం. ఖాళీ వదిలి ఇన్‌స్టాలర్ ఫైలు పేరు. మళ్లీ ముందుకు వాలిన గీత, వెంటనే ఎల్ అక్షరం, నక్షత్రం గుర్తు, వి అక్షరం కలిపి. చివర ఖాళీ వదిలి లాగ్‌కు మీరు పెట్టే పేరు. ఈఎక్స్‌ఈ రకం ఇన్‌స్టాలర్లు చాలావరకు తమంతట తామే లాగ్‌ను టెంప్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లో వదులుతాయి. ఆ ఫోల్డర్‌ను తేదీ వరసలో పెడితే కొత్తది పైకి వస్తుంది.

లాగ్ తెరవగానే వేల వరసలు చూసి భయపడకండి, మొత్తం చదవనక్కర్లేదు. ఆఖరి నుంచి చదవడం కూడా తప్పే, ఎందుకంటే చివర ఉండేది 1603 అనే ఫలితమే. ఇంగ్లీషు విండోస్ అయితే 'రిటర్న్ వాల్యూ 3' అని ఇంగ్లీషులో వెతకండి. మొదటిసారి ఎక్కడ కనిపించిందో అక్కడ ఆగి, దాని పైనున్న పదీ ఇరవై వరసలు చదవండి. అక్కడ 'ఎర్రర్ 1304' అని ఉంటే ఒక ఫైలును రాయలేకపోయింది. పక్కనే ఆ ఫైలు దారి కూడా ఉంటుంది. ఆ ఫోల్డర్‌కు వెళ్లి అనుమతులు చూడండి, లేదా ఆ ఫైలును ఏ ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుందో చూడండి. 'ఎర్రర్ 1920' ఉంటే ఒక సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రామ్) మొదలు కాలేదు, దాని పేరు అదే వరసలో ఉంటుంది. ఇప్పుడు మీ సమస్య 1603 కాదు, పేరూ ఊరూ ఉన్న ఒక ఫైలో, ఒక సర్వీసో. ఏ లాగ్‌కైనా ఇదే సూత్రం. మొదటి తప్పు కారణం, తర్వాత వచ్చేవన్నీ దాని పర్యవసానాలు.

మ్యాక్‌లో గుర్తు తెలియని డెవలపర్ అంటూ ఆపితే, ఫైలు మీద నమ్మకం ఉంటేనే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి కిందనున్న 'ఓపెన్ ఎనీవే' నొక్కండి. ఉబుంటు, డెబియన్ లినక్స్‌లలో డీపీకేజీ (ప్యాకేజీలను ఎక్కించే పరికరం) లాక్ దొరకలేదని వస్తే వెనకాల అప్‌డేట్ ఏదో నడుస్తోందని అర్థం. లాక్ ఫైలును తొలగించమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది, దాన్ని పాటించకండి. నడుస్తున్న పని మధ్యలో తెగితే ప్యాకేజీల లెక్కంతా చెడుతుంది. కాసేపు ఆగండి. ఆండ్రాయిడ్‌లో 'యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్' అని వస్తే నిల్వ చోటు చూశాక, అదే యాప్ వేరేచోటి నుంచి తెచ్చినది ఫోనులో ముందే ఉందేమో చూడండి. రెండింటిలో తయారీదారు పెట్టిన డిజిటల్ సంతకాలు కలవకపోతే ఒకదానిపై ఒకటి ఎక్కదు. పాతదాన్ని తీసేయాల్సిందే, దాంతో లోపలి సమాచారమూ పోతుంది కాబట్టి ముందే దాచుకోండి.

ఎక్కింది, కానీ తెరుచుకోదు

ముందుగా టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రోగ్రామ్ కనిపించకుండా అప్పటికే నడుస్తూ ఉండొచ్చు. చాలా ప్రోగ్రామ్‌లు రెండోసారి తెరుచుకోవు, మొదటిది బిగుసుకుపోయి ఉంటే మీరు ఎన్నిసార్లు నొక్కినా చప్పుడు ఉండదు. దాన్ని ఎండ్ టాస్క్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

'వీసీరన్‌టైమ్140' లేదా 'ఎంఎస్‌వీసీపీ140' అనే డీఎల్ఎల్ ఫైలు (చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే భాగం) లేదని సందేశం వస్తే కావాల్సింది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్. మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగా ఉంటుంది. విండోస్ 64 బిట్ అయినా మీ ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయితే దానికి ఎక్స్86, అంటే 32 బిట్ రకం కావాలి. రెండూ వేసుకుంటే నష్టం లేదు. ఆ ఒక్క డీఎల్ఎల్‌ను ఇచ్చే సైట్లు వెతుకులాటలో ముందే కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. ఎవరు మార్చిన ఫైలో తెలియదు, తెచ్చి పెట్టినా తర్వాత దానికి భద్రతా అప్‌డేట్లు రావు.

ఏ సందేశమూ లేకుండా మెరిసి మాయమైపోతే, జరిగినవన్నీ విండోస్ నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ చూడండి. ఆ సమయానికి 1000 అంకెతో ఎర్రర్ ఉంటే దాన్ని నొక్కండి. 'ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్' అనే వరస మీకు కావాల్సింది. అక్కడ మీ ప్రోగ్రామ్ పేరే ఉంటే లోపం అందులోనే ఉండొచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు పేరో, వేరే సాఫ్ట్‌వేర్ ఫైలు పేరో ఉంటే మీరు ఇంతసేపూ తప్పు చోట వెతుకుతున్నారన్నమాట.

ఇక్కడా తేలకపోతే కొత్త యూజర్ ఖాతా ఒకటి చేసి, అందులోకి వెళ్లి ప్రోగ్రామ్ తెరవండి. ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఐదు నిమిషాల్లో సగం అవకాశాలను కొట్టేస్తుంది. కొత్త ఖాతాలో తెరుచుకుంటే ప్రోగ్రామ్ బాగానే ఉంది, మీ ఖాతాలోని సెట్టింగులు పాడయ్యాయి. అక్కడా తెరుచుకోకపోతే లోపం సిస్టమ్‌లోనో, ప్రోగ్రామ్‌లోనో ఉంది. యూజర్ పేరులో ఇంగ్లీషేతర అక్షరాలున్నప్పుడు కొన్ని పాత ప్రోగ్రామ్‌లు తమ ఫోల్డర్‌నే కనుక్కోలేవు. ఆ సంగతీ ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

తీసేసి మళ్లీ వేసినా సమస్య ఎందుకు పోదో ఇప్పుడు చెప్పవచ్చు. అన్ఇన్‌స్టాల్ చేసినప్పుడు పోయేది ప్రధానంగా ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోని సరుకు. మీ సెట్టింగులు యాప్‌డేటా ఫోల్డర్‌లో రోమింగ్, లోకల్ అనే రెండు చోట్ల ఉంటాయి, చాలా ప్రోగ్రామ్‌లు వాటిని కావాలనే వదిలేస్తాయి. మళ్లీ ఎక్కించగానే కొత్త ప్రోగ్రామ్ అదే పాడైన ఫైలును చదువుతుంది. మ్యాక్‌లో అవి లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్, ప్రిఫరెన్సెస్ ఫోల్డర్లలో, లినక్స్‌లో హోమ్ ఫోల్డర్‌లోని చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి, అక్కడ దాని పేరుతో ఉన్న ఫోల్డర్‌ను తొలగించకుండా పేరు చివర 'పాతది' అన్నట్టు ఏదైనా చేర్చండి. ప్రోగ్రామ్ తెరిస్తే కొత్త ఫోల్డర్ తనే చేసుకుంటుంది. సమస్య పోతే కారణం దొరికినట్టే, పోకపోతే పాత పేరు తిరిగి పెట్టేస్తే మీ సెట్టింగులు మీకు ఉంటాయి.

ఆదేశాలతో నడిచే ప్రోగ్రామ్‌లకు మరో చిక్కు ఉంది. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా 'ఈ ఆదేశం గుర్తించలేదు' అంటే ముందు టెర్మినల్ కిటికీ మూసి కొత్తది తెరవండి. ప్రోగ్రామ్‌లు ఏ ఫోల్డర్లలో ఉన్నాయో చెప్పే పాత్ అనే జాబితాను టెర్మినల్ తెరిచినప్పుడే చదువుకుంటుంది, ఆ తర్వాత చేరినవి దానికి తెలియవు. కొత్త వెర్షన్ వేసినా పాతదే పలుకుతుంటే, పాత్‌లో పాత ఫోల్డర్ ముందుందని అర్థం. మొదట దొరికినదే నడుస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్', లినక్స్, మ్యాక్‌లలో 'విచ్' ఆదేశం పక్కన ప్రోగ్రామ్ పేరు ఇస్తే ఏ ఫైలు నడుస్తోందో దారితో సహా చెబుతాయి.

సెట్టింగు మార్చాను, ఏమీ మారలేదు

కాన్ఫిగరేషన్ ఫైలును ముట్టుకునే ముందు దాని నకలు తీసి పేరులో తేదీ చేర్చండి. ఆ తర్వాత మొదటి ప్రశ్న: మీరు మార్చిన ఫైలునే ప్రోగ్రామ్ చదువుతోందా? తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. మీ సొంత కంప్యూటర్‌లో అయితే ఆ ఫైలు మొదట్లో అర్థంలేని అక్షరాలు నాలుగు టైపు చేసి భద్రపరచి, ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదలుపెట్టండి. అది ఏ ఫిర్యాదూ లేకుండా నడిచిందంటే ఆ ఫైలు వైపు చూడటం లేదనే అనుమానించాలి. అదే పేరుతో మరో ఫోల్డర్‌లో ఇంకో ఫైలు ఉండొచ్చు. లేదా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (సిస్టమ్‌లో విడిగా పెట్టిన విలువ) ఏదైనా మీ ఫైలును తోసిరాజంటూ ఉండొచ్చు. లేదా పేరే తప్పు కావచ్చు. విండోస్ ఫైలు పేర్ల చివరి భాగాన్ని దాచి చూపిస్తుంది, నోట్‌ప్యాడ్‌లో 'సెట్టింగ్స్.ఐఎన్ఐ' అని భద్రపరిచారనుకుంటే అసలు పేరు 'సెట్టింగ్స్.ఐఎన్ఐ.టీఎక్స్‌టీ' అయి ఉంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టి చూడండి. పరీక్ష అయ్యాక ఆ అక్షరాలు తీసేయడం మరవకండి.

చదువుతున్నది ఆ ఫైలునే అయితే రాతలో తప్పు వెతకాలి. సెట్టింగులు రాసే పద్ధతుల్లో ఒకటైన జేసన్ ఫైలులో ఆఖరి అంశం తర్వాత కామా ఉండకూడదు, వ్యాఖ్యలు రాయకూడదు. అలాంటిదే మరో పద్ధతి యామల్‌లో వరస ముందు జాగాకు ట్యాబ్ మీట వాడకూడదు, స్పేసులే వాడాలి. వెబ్‌పేజీ నుంచో, వర్డ్ నుంచో అతికించినప్పుడు నిటారుగా ఉండాల్సిన కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారతాయి. కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి, ప్రోగ్రామ్‌కు మాత్రం అవి వేరే అక్షరాలు. జేసన్‌లో విండోస్ ఫోల్డర్ దారి రాసేటప్పుడు మరో ప్రమాదం ఉంది. వెనక్కి వాలిన గీత తర్వాత ఎన్ అక్షరం వస్తే దాన్ని కొత్త వరసగా, టి వస్తే ట్యాబ్‌గా తీసుకుంటుంది. టెంప్ అనే ఫోల్డర్ పేరులోని మొదటి అక్షరం అలా మాయమైపోతుంది. ప్రతి గీతనూ రెండుసార్లు రాయండి, లేదా చాలా ప్రోగ్రామ్‌లు ఒప్పుకునే ముందుకు వాలిన గీత వాడండి. విండోస్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో నడవకపోతే వరస చివరి గుర్తుల తేడా చూడండి. విండోస్ రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒక్కటే.

సర్వర్‌లాంటి ప్రోగ్రామ్ 'పోర్టు వాడుకలో ఉంది' అంటే, నెట్‌వర్క్‌లో ప్రోగ్రామ్‌కు ద్వారంలాంటి ఆ అంకెను మరొకరు ముందే పట్టుకున్నారు. 80, 8080, 3306 వంటి పోర్టుల దగ్గర ఈ తగాదా ఎక్కువ. విండోస్‌లో నెట్‌స్టాట్ ఆదేశం పక్కన ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత పెట్టి, దానికి 'ఏఎన్ఓ' కలిపి ఇస్తే ఆ పోర్టు ఉన్న వరసలో చివరి గడిలో ఒక అంకె వస్తుంది. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో అదే అంకె ఉన్న ప్రోగ్రామే ఆ పోర్టు యజమాని. చాలాసార్లు అది మీ ప్రోగ్రామ్ తాలూకు పాత నకలే అవుతుంది.

నిన్నటిదాకా అచ్చువేసిన వైఫై ప్రింటర్ ఇవాళ ఆఫ్‌లైన్ అంటే డ్రైవర్ మార్చకండి. రౌటర్ మళ్లీ మొదలైనప్పుడు ప్రింటర్‌కు వేరే ఐపీ అడ్రసు ఇచ్చి ఉండొచ్చు, కంప్యూటర్ మాత్రం పాత అడ్రసుకే పంపుతూ ఉండొచ్చు. ప్రింటర్ నుంచి దాని నెట్‌వర్క్ పేజీ తీసి, అక్కడి అడ్రసును కంప్యూటర్‌లోని ప్రింటర్ పోర్టు సెట్టింగుతో పోల్చండి. రౌటర్‌లో ఆ ప్రింటర్‌కు ఒకే అడ్రసు కేటాయిస్తే మళ్లీ ఈ బెడద రాదు.

బ్రౌజర్ తెరుచుకోదు, అప్‌డేట్లు దిగవు, వైఫై మాత్రం బాగానే ఉందంటే ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు వెళ్లే దారిలో మధ్యవర్తి సర్వర్) సెట్టింగు చూడండి. కొన్ని వీపీఎన్ ప్రోగ్రామ్‌లు తీసేశాక కూడా తమ ప్రాక్సీని అక్కడే వదిలి వెళ్తాయి.

ఒక్కసారి ఒక్కటే మార్చండి

ఈ మాట పైన ఏ దశలోనైనా వర్తిస్తుంది. విసుగు వచ్చినప్పుడు నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తాం. బాగుపడితే దేనివల్లో తెలియదు, పాడైతే ఏది వెనక్కి తిప్పాలో తెలియదు. ఒకటి మార్చండి, పరీక్షించండి, పనిచేయకపోతే యథాస్థితికి తెచ్చి తర్వాతది మార్చండి. ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి. పెద్ద మార్పుకు ముందు సిస్టమ్ రిస్టోర్ పాయింట్ (విండోస్‌ను తిరిగి ఆ స్థితికి తెచ్చుకునే గుర్తు) పెట్టుకోండి.

మీవల్ల కాక మరొకరిని అడగాల్సి వస్తే ఆ కాగితమే అక్కరకొస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, ప్రోగ్రామ్ వెర్షన్, ఎర్రర్ పూర్తి పాఠం, లాగ్‌లో మొదటి తప్పు ఉన్న వరసలు, మీరు ఇంతవరకు చేసినవి, వాటి ఫలితాలు ఇవ్వండి. లాగ్‌లో, కాన్ఫిగరేషన్ ఫైలులో పాస్‌వర్డులు, కీలు ఉంటే పంపే ముందు చెరిపేయండి. పొరపాటున పంపేస్తే ఆ పాస్‌వర్డ్ వెంటనే మార్చుకోండి, సందేశం తొలగించినంత మాత్రాన అది దాగదు.

విండోస్ సొంత ఫైళ్లే పాడయ్యాయని తోస్తే ఆ ఫైళ్లను పరీక్షించి బాగుచేసే పరికరాలు, మొదట డిఐఎస్ఎమ్, తర్వాత ఎస్ఎఫ్‌సీ నడపండి. రెండూ విండోస్‌లోనే ఉన్నాయి. అప్పటికీ కుదరకపోతే మళ్లీ వేయడం తప్పదు, కానీ అందులోనూ మీ ఫైళ్లను, ప్రోగ్రామ్‌లను అలాగే ఉంచే పద్ధతి ఉంది. విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైలును విండోస్ లోపలి నుంచే నడిపి, వాటిని ఉంచుకునే ఎంపికను టిక్ చేయండి. అంతకుముందు ముఖ్యమైన ఫైళ్లు మరో డిస్కులో ఉన్నాయని తెరిచి చూసి మరీ నిర్ధారించుకోండి.

అంతా సరైన రోజున ఇంకో పది నిమిషాలు కేటాయించండి. పరీక్ష కోసం యాంటీవైరస్‌లో ఇచ్చిన మినహాయింపు ఇక అవసరం లేకపోతే తీసేయండి. ఫైర్‌వాల్‌లో తెరిచిన పోర్టు, 'అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి' అని పెట్టిన టిక్, కొత్త యూజర్ ఖాతా కూడా అంతే. 'పాతది' అని పేరు మార్చిన ఫోల్డర్‌ను మాత్రం కొన్నాళ్లు ఉంచండి. అందులోంచి ఏ సెట్టింగు కావాల్సి వస్తుందో ముందుగా తెలియదు.